బందరు పోర్టు, నంబరు పోర్టు

బందరు వాళ్ళ దగ్గర "పోర్టు" అన్న మాట ఎత్తితే ముందు ఒక నవ్వు నవ్వుతారు. 2008లో ఒక శంకుస్థాపన, 2019లో ఇంకోటి, 2023లో మరోటి. ఇక్కడ నేను మాట్లాడేది ఆ పోర్టు గురించి కాదు లెండి. మొబైల్ నంబర్ పోర్టబిలిటీ గురించి. కానీ వాయిదాల విషయంలో అదీ తక్కువేం తినలేదు.

గుర్తుందా? ట్రాయ్ నిబంధనలు 2009 సెప్టెంబరులో వచ్చాయి. మెట్రోలతో పాటు "ఏ" కేటగిరీ సర్కిళ్ళన్నిటికీ, అంటే మన ఆంధ్రప్రదేశ్‌కి కూడా, 2009 డిసెంబరు 31 గడువు. అది 2010 మార్చి 31 అయింది, తర్వాత జూన్ 30 అయింది, ఆ తర్వాత అక్టోబరు 31. చివరికి 2010 నవంబరు 25న ఒక్క హర్యానాలో మొదలుపెట్టి, 2011 జనవరి 20న దేశమంతా తెరిచారు. అప్పుడు మనలో చాలామంది "ఒక్క డేటాబేస్ పెట్టడానికి ఇంత కాలమా" అని తిట్టుకున్న వాళ్ళమే. నా ఉద్దేశంలో వాయిదా వెయ్యడం తప్పు కాదు. తారీఖు ముందు ప్రకటించి, ఏం పరీక్షించాలో తర్వాత లెక్కపెట్టుకోవడం తప్పు. ఆఫీసులో మన మేనేజర్లు చేసే పనే, కాకపోతే దేశం స్థాయిలో.

అసలు పని ఎంతుందో చూడండి. పోర్టబిలిటీ రాకముందు నంబరు చూస్తే కంపెనీ తెలిసిపోయేది. 9440 అంటే బి.ఎస్.ఎన్.ఎల్., 9848 అంటే ఐడియా, 9849 అంటే ఎయిర్‌టెల్. ఎక్స్ఛేంజి కూడా అదే నమ్ముకుని కాల్ పంపించేది. పోర్టబిలిటీ రాగానే ఆ నమ్మకం పోయింది. మన దేశంలో ఎంచుకున్న పద్ధతిలో, ఫోన్ చేసేవాడి కంపెనీయే ప్రతి కాల్‌కీ ముందు తన దగ్గరున్న డేటాబేస్‌ని అడగాలి, ఈ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందీ అని. వచ్చిన సమాధానాన్ని బట్టి నంబరు ముందు ఒక రూటింగ్ కోడ్ తగిలించి పంపాలి. అంటే కోడూరులో ఒకాయన కంపెనీ మారితే, ఆ సంగతి పాత కంపెనీకీ కొత్త కంపెనీకీ తెలిస్తే చాలదు. ఆయనకి ఎప్పటికైనా ఫోన్ చేసే అవకాశం ఉన్న ప్రతి కంపెనీ డేటాబేస్‌లోనూ ఆ వరస మారాలి. దీనికి మధ్యవర్తులుగా రెండు సంస్థలు: ఉత్తరం, పడమర సినివర్స్‌కి, దక్షిణం, తూర్పు టెల్‌కార్డియా వాళ్ళ సంస్థకి. ఒకరి జోన్‌లో జరిగిన మార్పు రెండోవారి జోన్‌కీ చేరాలి మరి.

ఇప్పుడు టెస్ట్ కేసులు లెక్కేద్దాం. ఒక సర్కిల్లో ఎనిమిది కంపెనీలు అనుకోండి. ఎవరి నుంచి ఎవరికి మారొచ్చు అన్న దారులు ఎనిమిది ఏళ్ళు యాభై ఆరు. ఒక్కో దారిలో మారిన నంబరుకి ఎనిమిది నెట్‌వర్కుల నుంచీ కాల్ చేసి చూడాలి, అక్కడికి 448. ఎస్సెమ్మెస్ కూడా కలిపితే 896. ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్, ల్యాండ్‌లైన్, రోమింగు, విదేశీ కాల్స్... ఇవేవీ ఇంకా మొదలెట్టలేదు. పైగా ఏ ఒక్కటీ ఒక కంపెనీ తన ల్యాబ్‌లో కూచుని చేసుకునేది కాదు. ముగ్గురు ఒకే రోజు, ఒకే గంటలో సిద్ధంగా ఉండాలి. అందులో ఒకరు "మా స్విచ్ అప్‌గ్రేడ్ వచ్చే వారం" అంటే మిగతా ఇద్దరి స్లాటూ గోవిందా. మూడు కంపెనీల మధ్య ఇంటిగ్రేషన్ టెస్టింగ్ నడిపిన ఎవరినైనా అడగండి, కోడ్ రాయడం కన్నా క్యాలెండర్ కలపడమే కష్టం అంటారు.

అందుకే హర్యానా ఒక్కటే ముందు తెరవడం నాకు నచ్చిన నిర్ణయం. విచారం ఏమిటంటే అది ప్లాన్‌లో మొదటి మెట్టుగా కాకుండా, తారీఖులన్నీ తప్పాక చివర్లో వచ్చింది. మొదటి ప్లాన్‌లో అన్నిటికన్నా రద్దీ ఉన్న మెట్రోలూ "ఏ" సర్కిళ్ళూ ముందు, మిగతావి 2010 మార్చి 20కి! కొత్తగా వేసిన వంతెన మీదికి మొదటి రోజే ధాన్యం లారీలు తోలడం లాంటిది ఇది.

ఈ పరీక్షల్లో వెనకబడిపోయేది ఒకటుంది: ఫోన్ చేసేవాడి వైపు. మా బాబాయి ఒకాయనకి నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులున్నాయి. సిగ్నల్ బాగుందని కంపెనీ మార్చాడు. మారాక ఆయన ఫోన్ బ్రహ్మాండంగా పనిచేసింది, ఎవరికి కావాలంటే వాళ్ళకి చేసుకున్నాడు. కానీ ఒక కంపెనీ నెట్‌వర్క్ నుంచి వచ్చే కాల్స్ మాత్రం రెండు రోజుల పాటు ఆయన దాకా రాలేదు. ఆ సంగతి ఆయనకెలా తెలుస్తుంది? మోగని ఫోను "నేను మోగట్లేదు" అని చెప్పదు కదండీ. రొయ్య కొనే ఏజెంటు రెండుసార్లు ప్రయత్నించి, నంబరు మనుగడలో లేదని వినిపిస్తే ఇంకో చెరువు చూసుకున్నాడు. పట్టుబడి రెండు రోజులు వెనక్కి పోవడమంటే మేత ఖర్చు, రాత్రంతా ఏరియేటర్ల కరెంటు, ఈలోగా రేటు ఎటు తిరుగుతుందో అన్న గుబులు. ఫిర్యాదు చేద్దామంటే ఎవరికి చేస్తాడు? పాత కంపెనీకి ఆయన కస్టమర్ కాదు, కొత్త కంపెనీ సిస్టంలో ఆయన పోర్టు "విజయవంతం". తప్పు చేసిన మూడో కంపెనీకి ఆయన ఎవరో కూడా తెలియదు.

మా వైపు నంబరంటే దాదాపు షాపు బోర్డే. చిలకలపూడి రోల్డుగోల్డు వాళ్ళ నంబరు పెట్టెల మీద అచ్చయ్యి ఊళ్ళు తిరుగుతుంది. గుడివాడ మిల్లు వాళ్ళ నంబరు బస్తా మీదుంటుంది. నంబరు అట్టిపెట్టుకునే హక్కు ఎవరికి ఎక్కువ అవసరమో, అది సగం పనిచేస్తే వాళ్ళకే ఎక్కువ దెబ్బ.

ఇక 2019 సంగతి. అంతకుముందు పోర్టు కోడ్‌ని, అంటే 1900కి ఎస్సెమ్మెస్ కొడితే వచ్చేదాన్ని, మీరు వదిలేస్తున్న కంపెనీయే తయారుచేసి ఇచ్చేది. అద్దెకున్నవాడు ఖాళీ చేస్తానంటే గేటు తాళం ఓనరు దగ్గరే ఉన్నట్టు. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ కుప్పకూలినప్పుడు ఈ డిజైన్ లోపం బాగా తెలిసొచ్చింది. సిగ్నలే లేకపోతే ఎస్సెమ్మెస్ ఎలా పోతుంది, కోడ్ ఎలా వస్తుంది? 2018 డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చింది. కోడ్ ఇచ్చే పని మధ్యవర్తి సంస్థది, వాళ్ళు అప్పటికప్పుడు పాత కంపెనీని అడిగి అర్హత చూసుకుని ఇస్తారు. బకాయి ఉందా, తొంభై రోజులు నిండాయా అన్నవన్నీ ముందే తేలిపోతాయి. సర్కిల్ లోపల మూడు పనిదినాలు, బయటికైతే ఐదు. (సిగ్నల్ లేనివాడి ఎస్సెమ్మెస్ గొడవ అలాగే ఉంది, అది వేరే కథ.)

ఇదీ 2019 నవంబరు 11న రావాల్సింది, పరీక్షలు పూర్తికాక డిసెంబరు 16కి జరిగింది. అయితే ఈసారి చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. డిసెంబరు 10 నుంచి 15 దాకా కొత్త పోర్టు అభ్యర్థనలు తీసుకోబోమని ముందే బహిరంగంగా చెప్పేశారు. పాత పద్ధతిలో దారిలో ఉన్నవి తెమిలిపోతాయి, కొత్తవి కొత్త పద్ధతిలోనే పుడతాయి. రెండు పద్ధతుల మధ్య ఇరుక్కుపోయిన నంబర్లను ఏరుకోవడం ఎంత నరకమో డేటా మైగ్రేషన్ చేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆరు రోజులు కాలవ కట్టేసి తూము బాగుచేసుకోవడం డెల్టాలో రైతులకి కొత్త కాదు. "జీరో డౌన్‌టైం" అని బోర్డు పెట్టుకుని లోపల జనాన్ని ఇబ్బందిపెట్టే కంటే ఇదే మర్యాద.

మన ఐటీ జనానికి నేరుగా తగిలింది సర్కిల్ దాటే పోర్టింగు. గుడివాడ నుంచి హైదరాబాదు వెళ్ళినవాడికి ఆ బాధ లేదు, ఎందుకంటే 2014లో రాష్ట్రం విడిపోయినా టెలికాం సర్కిల్ ఒకటిగానే ఉండిపోయింది. బెంగుళూరో చెన్నయ్యో వెళ్ళినవాడు మాత్రం ఇంటి నంబరు ఉంచుకోవాలంటే రోమింగు కట్టుకుంటూ 2015 జూలై 3 దాకా ఆగాడు. దానికీ మొదటి గడువు మే 3. కంపెనీలు ఇంకాస్త టైం అడిగాయి, షరా మామూలే.

ల్యాండ్‌లైనుకి ఈ హక్కు ఇప్పటికీ లేదు. బందరు 08672, గుడివాడ 08674, దివిసీమ 08671. ఇల్లు మారి ఎక్స్ఛేంజి దాటితే నంబరు అక్కడే వదిలేసి రావడమే. దివిసీమ చివరి ఊళ్ళలో మొబైల్ సంగతీ పెద్ద తేడా ఏం కాదు. ఒకే కంపెనీ టవర్ అందే చోట పోర్టబిలిటీ ఉన్నా, మారడానికి రెండోది ఉండాలిగా!

ఈసారి ఈ వ్యవస్థలో ఏం మార్చినా, టెస్ట్ ప్లాన్‌లో ఒక్క వరస చేర్చమని నా మనవి: పోర్టైన ప్రతి నంబరుకీ, పూర్తయిన గంటలోపు, సర్కిల్లోని మిగతా అన్ని నెట్‌వర్కుల నుంచీ ఆటోమేటిగ్గా ఒక విచారణ వెళ్ళాలి. ఫలానా కంపెనీ డేటాబేస్‌లో ఇంకా పాత వరసే ఉందని తేలితే, ఆ ఎర్ర లైటు మూడో కంపెనీ ఆఫీసులో వెలగాలి, మా బాబాయి చెరువు గట్టు మీద కాదు.