యంత్రము చెప్పిన కనిష్ఠము

గణితమునందు కంప్యూటరును వాడనిచ్చుట తగునా యని తలిదండ్రులు పలువురు మమ్మడుగుచున్నారు. తగుననియే మా యభిప్రాయము. అయితే యంత్రమునకు ముందు కాగితమును, పెన్సిలును రావలెను. ఇట్లనుటకు మేము చేసిన పొరపాటొకటి కారణము. దానిని దాపక చెప్పుచున్నాము.

పదవ తరగతి వారికి బహుపదులు బోధించుచు, 3క⁴ − 4క³ − 12క² అను ప్రమేయము యొక్క కనిష్ఠ విలువను కనుగొని రండని యింటిపని యిచ్చితిమి. ఇంట కంప్యూటరు గల బాలుడొకడు గణిత సాఫ్టువేరునందు దానిని వ్రాసి, ‘క’ విలువ −2 నుండి వెదకుమని యాజ్ఞ యిచ్చెను. క్షణములో −5 అని జవాబు వచ్చెను. కంప్యూటరు లేని బాలిక యొకతె గ్రాఫు కాగితముపై వక్రమును గీసి −32 అని తెచ్చెను. యంత్రము తప్పదను నమ్మికతో మేము బాలునికి మార్కులిచ్చి, బాలిక జవాబును కొట్టివేసితిమి.

ఆమె వాదింపలేదు. నోటుపుస్తకము తెరచి తన పట్టికను చూపెను. ‘క’ విలువ −2, −1, 0, 1, 2, 3 అయినపుడు ప్రమేయపు విలువలు వరుసగా 32, −5, 0, −13, −32, 27. రెండునకు ఇరుప్రక్కల 1.9, 2.1 లను కూడ ఆమె పరీక్షించినది; అచ్చటను −32 కన్న తగ్గలేదు. మేము తరగతి యెదుట తప్పొప్పుకొని మార్కులు సవరించితిమి.

యంత్రము అబద్ధమాడినదా? లేదు. ఇట్టి సాధనములు పెక్కు మనము చూపిన చోటినుండి వాలు వెంట దిగి, ఎటు జరిగినను విలువ పెరుగు చోట నిలిచిపోవును. మిక్కుటమైన వాలు వెంట దిగు పద్ధతిని ఫ్రెంచి గణితవేత్త కోషీ 1847 లో ప్రకటించెను. −2 నుండి దిగినచో −1 కడ గుంట తగులును. 0 కడ గట్టు అడ్డమగుటచే ఆవలి లోతు కానరాదు.

మన నల్లగొండ, మహబూబునగరము మెట్టసీమలో వాననీటి నడకయు నిట్టిదే కదా! పల్లమునకు జారి దగ్గరి చెరువులో నిలుచును. కృష్ణ యింకను దిగువను పారుచున్నదని ఆ నీరెరుగదు. పానగల్లు ఉదయసముద్రమునకు కృష్ణనీటిని పంపులతో ఎత్తి తేవలసివచ్చుటయే ఆ లోతునకు సాక్ష్యము. చెరువడుగు స్థానిక కనిష్ఠము మాత్రమే. దానినే పరమ కనిష్ఠమనుకొనుట మా పొరపాటు.

కావున బాలబాలికలారా, యంత్రమును మానుడని మేము చెప్పము. చేతితో గంటలు పట్టు లెక్కను అది క్షణములో ముగించును. ఆస్ట్రియా దేశమున మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001 లో ప్రారంభించిన జియోజెబ్రా ఉచితముగా లభించును. వక్రమునంతయు కన్నులకు కట్టించును. కాని మొదట పట్టిక వేసి ఆకారమును మీరే గీయుడు. పిదప పలు చోట్లనుండి యంత్రమును వెదకనిండు. తుదకు అది తెచ్చిన జవాబును మీ పట్టికతో సరిచూడుడు.

తలిదండ్రులారా, ఇంట కంప్యూటరు లేదని చింతింపకుడు. ఆనాడు మా తప్పును దిద్దినది ఒక గ్రాఫు కాగితము. జవాబు దేనినుండి వచ్చెనని గాక, ఎట్లు వచ్చెనని అడుగుట మేమును ఆ బాలిక వలననే నేర్చుకొంటిమి.