వేసవి యాత్రకు కార్తికమాసపు టిక్కెట్టు

సకుటుంబముగా విదేశయాత్ర చేయదలచినవారు ఆరేడు నెలలు ముందుగనే విమానపు టిక్కెట్లు కొనిపెట్టుకొనుట చూచి, అది చేతినిండ డబ్బున్నవారి ముచ్చటయని మనలో అనేకులు తలంచుచుందురు. నిజామాబాదు జిల్లాలోని ధర్పల్లి వంటి పసుపు మండలములలో ఈ అలవాటు ఎవరికున్నదో పరిశీలించినచో ఆ తలంపు నిలువదు. కాలము తన వశమున నున్నవాడు ఎప్పుడైనను కొనగలడు. పంటకును, యజమానికిని, పిల్లల బడికిని కట్టుబడినవాడే ముందుగా కొనవలసివచ్చును.

జూన్ తొలకరికి నాటిన పసుపు సంక్రాంతి దాటువరకు భూమిలోనే యుండును. ఆకు కోసి, దుంప త్రవ్వి, ఉడుకబెట్టి, కల్లములో దినముల తరబడి ఎండబెట్టి, డ్రమ్ములో త్రిప్పి మెరుగుపెట్టి, కొమ్మును మండను వేరుచేసి, బస్తాలకెత్తి నిజామాబాదు మార్కెట్టు యార్డునకు చేర్చి, ధరకై ఎదురుచూచి అమ్ముకొనునప్పటికి ఫాల్గుణము గడచిపోవును. ఈ నడుమ ఇంటివారెవ్వరును వారము దినములు ఊరు విడువజాలరు. బడులకు సెలవులు ఏప్రిల్ చివర వచ్చి జూన్ రెండవ వారమున ముగియును. ఆ జూన్‌లోనే మరల విత్తనము. మిగిలినది మే నెల యొక్కటే.

ఆ నెలకు, ఈ ఇండ్ల నుండి పనికై గల్ఫునకు పోయిన కొడుకు సెలవు కూడ కుదురవలెను. అక్కడి కార్మిక శిబిరపు గదిలో మంచమొక్కటే తనదైన కూలివాడు రెండేండ్లకొకమారు ఛుట్టీ మీద తానే ఊరికి వచ్చును. డ్రైవరుగనో ఫోర్‌మన్‌గనో కుదురుకొని అద్దె ఇల్లు సంపాదించుకొన్నవాడు మాత్రమే విజిట్ వీసా మీద తల్లిదండ్రులను, ఆలుబిడ్డలను పిలిపించుకొని బుర్జ్ ఖలీఫా చూపగలడు. దుబాయిని చూడవలసినది చలికాలముననేయని వీరికిని తెలియును. కాని చలికాలమున కల్లములు నిండియుండును. కావున 40 డిగ్రీల యెండలోనే ఆ ముసలి తల్లి కొడుకు కాపురమును చూచి వచ్చుచున్నది.

తెలంగాణలో బడి పిల్లలున్న కుటుంబములన్నియు ఆ మే నెలనే కోరుటచేత ధర పెరుగును. విమాన సంస్థలు ఒకే తరగతి సీట్లను పలు ధరల అంచెలుగా విభజించి, చౌక అంచె నిండినకొలది పై అంచెను తెరచును. ఒంటరి ప్రయాణికునికి కడపటి చౌక సీటు దొరకవచ్చును. ఐదుగురికి ఒకేమారు వెదకినప్పుడు చౌకవి నాలుగే మిగిలియున్నచో, తరచుగా ఐదుగురికిని పై ధరయే చూపును. కుటుంబము పెద్దదైనకొలది తొందర పెరుగుటకు హేతువిదియే. ఇక అమెరికా యాత్రకైతే తొందర వీసా అపాయింట్‌మెంటుతోనే మొదలగును. 2022 చివర హైదరాబాదులో సందర్శక వీసా ఇంటర్వ్యూకు రెండేండ్లకు మించిన నిరీక్షణ యుండెను. కుమార్తె ఎం.ఎస్. పట్టా పుచ్చుకొనునాటికి చేరగోరిన తల్లిదండ్రులు, ఆమె చదువు మొదలిడినప్పుడే తేదీ వెదకికొనవలసిన కాలమది.

ఇందు నన్ను మిక్కిలి కలతపెట్టు విషయమొకటి కలదు. కార్తికములో టిక్కెట్టు కొను రైతునకు తన పసుపు ఇంకను భూమిలోనే యున్నది, దాని ధర యెంతయో తెలియదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపునకు గిట్టుబాటు ధరకై 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి నిలిచినది ఈ నిజామాబాదు నియోజకవర్గముననే. ఐదేండ్లకు, 2024లో, అదే పసుపు క్వింటాలు 15 వేలు దాటినది. ఇంతటి అనిశ్చితిలో నుండియు, కొడుకు సెలవు రద్దగునను భయమును, వీసా రాదను భయమును కూడ ఆ కుటుంబమే మోయుచున్నది. రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన ఛార్జీల మొత్తమును మించరాదనియు, వాపసు లేని టిక్కెట్టుపైనను పన్నులును విమానాశ్రయ రుసుములును తిరిగి చెల్లింపవలెననియు మన దేశపు విమాన సంస్థలకు 2016 ఆగస్టు నుండి నియమము కలదు. ఏజెంటు చేత కొనిపించుకొన్న పల్లెవాసికి ఆ సొమ్ము తనదని చెప్పువారు కావలెను. అంతకు మించి, వీసా నిరాకరణ పత్రమునో, సెలవు రద్దైనట్లు యజమాని యిచ్చిన ఉత్తరమునో చూపినవారికి రుసుము లేకుండ తేదీ మార్చియిచ్చు నియమము రావలెను. రెండు మూడు నెలలు ముందుగా ఖాళీయైన మే నెల సీటును సంస్థ మరల హెచ్చు ధరకే అమ్ముకొనగలదు.