వెనక చక్రానికి చెమట పట్టిందా?

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే మా మేనల్లుడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో పదకొండు సెకన్ల వీడియో వచ్చింది. మాటల్లేవు. పికప్ వెనక ఎడమ చక్రం, టైరు లోపలివైపు నల్లటి జిడ్డు, ఆ జిడ్డు మీద ఎర్రమట్టి అంటుకుని అట్టకట్టి ఉంది. కింద ఒక్కటే మెసేజ్: "మామా, మళ్లీ కారతా ఉంది."

ఆ "మళ్లీ" దగ్గరే ఉంది కథంతా.

వాడిది కనిగిరి. పన్నెండేళ్ల పాత బండి, ఫైనాన్స్ మీద సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాడు. ఎండాకాలం నీళ్ల ట్యాంకు, పొగాకు వేలం నడిచే రోజుల్లో బేళ్లు, కోతలప్పుడు బత్తాయి. మా వైపు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ఆ గీత దాటిన బోర్లున్న ఊళ్లు మాకు కొత్త కాదు. వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూస్తూ, ఈలోపు ట్యాంకరో, క్యాన్ల ఆటోనో, ఇలాంటి పికప్పో వస్తే బిందెలు పట్టుకుంటాం. కాబట్టి వాడి బండి ఆగితే వాడి కిస్తీ ఒక్కటే ఆగదు.

నాలుగు నెలల్లో మూడుసార్లు ఆ చక్రానికి ఆయిల్ సీలు మార్చారు. ఏ షెడ్డులో అన్నది వదిలేద్దాం. ప్రతిసారీ వారం పది రోజులు పొడిగా ఉండేది, తర్వాత మళ్లీ చెమట. "సీలు డూప్లికేటు తగిలిందిలే" అని ఇంకొకటి వేసేవాళ్లు. సీలు ధర వందల్లో ఉంటుంది కాబట్టి మనకూ పెద్దగా నొప్పి తెలియదు.

నేను ఫోన్ చేసి రెండే అడిగాను. బ్రేకు ఎలా ఉంది? ఎక్కడికి పోతున్నావు?

"బ్రేకు కొడితే కొంచెం కుడికి లాగతా ఉంది మామా. రేపు బత్తాయి లోడుంది, నంద్యాలకు."

నంద్యాలంటే గిద్దలూరు దాటి, దిగువమెట్ట మీదుగా నల్లమల ఘాట్. మలుపులూ దిగుళ్లూ. పైన టన్నున్నర కాయ. నాకు కాళ్లు చల్లబడ్డాయి. "లోడు వేరేవాళ్లకు చెప్పు, బండి కదిలించబాక" అన్నాను. వాడికి కోపం వచ్చింది. రావాల్సిందే, ఆ కిరాయి ఆ నెల కిస్తీలో సగం.

బ్రేకుకూ ఆయిల్‌కూ ఏం సంబంధం అని అడిగేవాళ్లకు: వెనక యాక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే గుండులో క్రౌన్, పినియన్ ఉంటాయి. అవి చిక్కటి గేర్ ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. అక్కడినుంచి రెండు పక్కలా యాక్సిల్ రాడ్లు హౌసింగ్ గొట్టంలోంచి చక్రాల దాకా వస్తాయి. గొట్టం చివర, రాడ్ చుట్టూ ఉండే రబ్బరు చుట్టే ఆయిల్ సీలు. అది దాటితే ఆయిల్ నేరుగా బ్రేక్ డ్రమ్ములోకి పోతుంది. తడిసిన లైనర్ ఒక్కోసారి పట్టదు, ఒక్కోసారి ఉన్నట్టుండి పట్టేస్తుంది. ఎడమ చక్రం పట్టకపోతే బండి కుడికి లాగుతుంది. మావాడు చెప్పింది అదే.

టైరు లోపల తడి కనబడగానే సీలే అనుకోకండి. వేలికి అంటించుకుని చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా జిగటగా ఉంటుంది, గంధకం కలిసిన ఘాటు వాసన. బ్రేక్ ఆయిల్ అయితే పల్చగా నీళ్లలా ఉంటుంది, బానెట్ కింద డబ్బాలో మట్టం తగ్గుతుంది. అప్పుడు లీకు వీల్ సిలిండర్‌ది. రెండూ ప్రమాదమే, కానీ మందు వేరు.

ఆ మధ్యాహ్నానికి నేను కనిగిరి చేరాను. పామూరు రోడ్డులో ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు, జీపుల కాలం నాటి మనిషి. ఆయన సీలు జోలికి పోలేదు. బండి కింద దూరి, హౌసింగ్ పైన ఉన్న బొటనవేలంత బ్రీదర్‌ను తుడిచి చూశాడు. దాని నోరు ఎర్రమట్టితో సిమెంటు పూసినట్టు మూసుకుపోయి ఉంది. స్పానర్‌తో వదులు చేయగానే బుస్సుమంది.

"ఇదీ సంగతి. బండి నడిస్తే లోపల వేడెక్కుతుంది, గాలి పెరుగుతుంది. పైకి పోయే దారి లేకపోతే ఏం చేస్తుంది? సీలు మూతి తోసుకుని పోతుంది. నువ్వు బంగారు సీలు వెయ్యి, ఆగదు."

మూడు సీళ్ల డబ్బు, మూడుసార్ల కూలి. ఆ బ్రీదర్‌ను శుభ్రం చేయడానికి పట్టింది పది నిమిషాలు.

కానీ అప్పటికి నష్టం అక్కడితో ఆగలేదు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, వెనక జాకీ ఎత్తి, జాకీని నమ్మకుండా కింద స్టాండ్లు పెట్టారు. ఇది మాత్రం మీరెవరూ మరిచిపోవద్దు. మేస్త్రీ టైరును పైనా కిందా పట్టుకుని ఊపాడు. చిన్న కదలిక, "టక్". చేత్తో తిప్పితే లోపల ఇసుక నలిగిన చప్పుడు. బేరింగ్ పోయింది.

ఈ బండిలో బేరింగ్‌కు గ్రీజే ఆధారం, ఆయిల్ సీలుకు అవతలే ఆగిపోవాలి. సీలు దాటి వచ్చిన ఆయిల్ ఆ గ్రీజును కడిగేసింది. గ్రీజు లేని బేరింగ్ అరిగింది. అరిగిన బేరింగ్‌లో రాడ్ ఊగుతుంది, ఊగే రాడ్ కొత్త సీలు అంచును నమిలేస్తుంది. ఇక ఎన్ని మార్చినా ఇంతే.

ఇంకో భయం కూడా ఉంది. పెద్ద లారీల్లో చక్రం బరువు హౌసింగ్ మీదే ఉంటుంది, రాడ్ కేవలం తిప్పుతుంది. అది విరిగినా చక్రం నిలబడుతుంది. వాటికి చక్రం మధ్యలో హబ్ బయటికి పొడుచుకొచ్చి, చుట్టూ బోల్టులు కనిపిస్తాయి. మావాడి బండికి అలా లేదు. బరువు మోసేదీ తిప్పేదీ ఆ ఒక్క రాడ్డే. బేరింగ్‌ను పట్టి ఉంచే కాలర్ జారిందంటే రాడ్డుతో సహా చక్రం బయటికి వస్తుంది. ఘాట్‌లో ఆ దృశ్యం ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు.

డ్రమ్ము తీస్తే లైనర్లు నల్లగా నానిపోయి ఉన్నాయి. "పెట్రోలుతో కడిగి ఆరబెడదాం" అన్నాడు మావాడు. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. లైనర్ ఆయిల్‌ను పీల్చేసుకుంటుంది, పైన ఆరినట్టే ఉంటుంది, బ్రేకు వేడెక్కగానే మళ్లీ ఊరుతుంది. మార్చాల్సిందే, అదీ రెండు చక్రాలకూ కలిపి. లేకపోతే మళ్లీ ఒకపక్కకు లాగుతుంది. డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదబోయిన కుర్రాణ్ని ఆయన ఒక తిట్టు తిట్టాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిగుడ్డతో తుడవాలి.

ప్లేటు నట్లు విప్పి రాడ్ బయటికి లాగారు. పాత కాలర్‌ను గ్యాస్ కట్టర్‌తో కోసేద్దామని కుర్రాడి తొందర. గ్యాస్ మంట రాడ్డుకు తగిలితే దాని గట్టిదనం పోతుంది. డ్రిల్లు వేసి, ఉలితో ఒక్క దెబ్బ కొడితే కాలర్ పగిలి వచ్చింది. తర్వాత రాడ్ తీసుకుని లేత్ షాపుకు పోయాం, ప్రెస్ అక్కడే ఉంది. ముందు ప్లేటు ఎక్కించాలి, తర్వాత బేరింగ్, దాని వెనక కొత్త కాలర్. ప్లేటు మరిచిపోయి బేరింగ్ ఎక్కించి, మళ్లీ అంతా కోసుకున్న మహానుభావులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారట. బేరింగ్‌ను లోపలి రింగు మీదే నొక్కాలి, బయటి రింగు మీద నొక్కితే కొత్తది అక్కడే పాడవుతుంది. పాత కాలర్ మళ్లీ వాడకూడదు.

సీలు కూర్చునే చోట రాడ్ మీద గోరుతో గీసి చూశాడు మేస్త్రీ. గోరు తట్టుకుంది. అంటే ఇన్నేళ్లుగా సీలు అంచు రాసుకుని ఇనుములోనే గాడి పడింది. అక్కడ సన్నటి స్లీవ్ తొడిగించారు. గాడి మరీ లోతైతే రాడ్డే మార్చాలి.

కొత్త సీలు అంచుకు గ్రీజు రాసి, స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ దిక్కుకు పెట్టి, సీలంత వెడల్పు గొట్టం ముక్క ఆనించి నిదానంగా కొట్టారు. స్క్రూడ్రైవర్‌తో ఒక పక్కా ఇంకో పక్కా కొడితే వంకరపోతుంది. ఆ తర్వాత రాడ్ లోపలికి పంపేటప్పుడు ఇద్దరు పట్టుకున్నారు. రాడ్ చివరి పళ్లు సీలు అంచు మీద ఒక్కసారి రాసుకున్నా, కంటికి కనబడని కోత పడుతుంది. పాత షెడ్డులో ఈ పని ఒక్కడే చేసేవాడని మావాడికి అప్పుడు గుర్తొచ్చింది.

కుడివైపూ విప్పారు. అక్కడ ఇంకా లీకు లేదు కానీ సీలు ఎండి గట్టిపడింది. అదీ మార్చారు. ఆయిల్‌ను బండి సమతలంగా ఉన్నప్పుడు లెవెల్ నట్టు రంధ్రం అంచు దాకా పోశారు. ఎక్కువ పోస్తే బలం అనుకునేవాళ్లున్నారు, ఎక్కువైనా కారుతుంది.

బిల్లు కట్టేటప్పుడు మేస్త్రీ మావాణ్ని అడిగాడు: "ట్యాంకులు ఎన్ని ఎక్కిస్తావ్?"

"రెండు, వెయ్యి లీటర్లవి."

వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను. రెండంటే రెండు టన్నులు, ట్యాంకుల బరువు వేరే. ఆర్సీలో రాసిన దానికంటే ఎక్కువ. పైగా సగం నిండిన ట్యాంకు నిండు ట్యాంకు కంటే మొండిది, మలుపులో నీళ్లన్నీ ఒకే పక్కకు పోయి ఆ పక్క బేరింగ్ మీద పడతాయి. మేస్త్రీ ఇది చెబుతుంటే మావాడు నేల చూపులు చూశాడు. దారిలో నాతో అన్నాడు: "ఒక్క ట్యాంకుతో తిరిగితే డీజిల్‌కే సరి మామా. కిస్తీ నువ్వు కడతావా?"

నా దగ్గర జవాబు లేదు. రోజూ పొద్దున బండి కింద ఒక అట్టముక్క పరిచి చూసుకోమన్నాను, వర్షాకాలం తర్వాత బ్రీదర్ తుడవమన్నాను, వందో రెండొందలో కిలోమీటర్లు తిరిగాక నట్లు బిగింపు చూపించుకోమన్నాను. సరేనన్నాడు.

నిన్న మళ్లీ వీడియో వచ్చింది. టైరు లోపలివైపు ఎక్కడా తడి లేదు, మట్టి కూడా పొడిగా రాలిపోతోంది. చివరి రెండు సెకన్లలో కెమెరా పైకి లేచింది. బండి మీద రెండు ట్యాంకులున్నాయి.