మినార్‌కు మతం, మ్యూజియంకు మెప్పు

2010 మే నెలలో ఇటలీ ప్రభుత్వం రోమ్‌లో ఒక కొత్త జాతీయ మ్యూజియం తలుపులు తెరిచింది. పేరు మాక్సి. ఇరవై ఒకటో శతాబ్దపు కళ కోసం, ఆర్కిటెక్చర్ కోసం, పాత సైనిక బ్యారక్‌ల జాగాలో దాదాపు 15 కోట్ల యూరోలు పోసి కట్టిన కట్టడం. గోడలు నదిపాయల్లా వంపులు తిరుగుతాయి. నల్లటి మెట్లు గాల్లో అల్లుకుపోతాయి. ఒక గది ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో చెప్పలేం. దాన్ని గీసింది జహా హదీద్. 1950లో బాగ్దాద్‌లో పుట్టింది. తండ్రి మొహమ్మద్ హదీద్ ఇరాక్‌లో మంత్రిగా చేసినవాడు.

"ఆమె ముస్లిమా? అట్లా కనపడదే!" మిత్రులారా, ఈ మాట మీ నోట మాకు కొత్త కాదు. మేం ఎట్లా కనపడాలి?

అంతకు ఆరు నెలల ముందు, 2009 నవంబరులో, ఇటలీ పక్కనున్న స్విట్జర్లాండ్ కొత్త మినార్లు కట్టగూడదని ఓట్లేసి తీర్మానించుకుంది. నూటికి 57 మందికి పైగా సరేనన్నారు. అప్పటికి ఆ దేశం మొత్తంలో ఉన్న మినార్లు నాలుగు. నాలుగే! మినార్ కడితే ముస్లిం, మ్యూజియం కడితే లండన్ ఆర్కిటెక్టు. మాక్సి తలుపులు తెరిచిన 2010లోనే బ్రిటన్ వాళ్లు దానికి స్టిర్లింగ్ బహుమతి కూడా ఇచ్చారు.

ఇంకో లెక్క కూడా చూడండి. మాక్సి పని మొదలైంది 2003లో. ఆ ఏడు ఏప్రిల్‌లోనే, అమెరికా సైన్యం కళ్లెదుట, ఆమె పుట్టిన ఊరి మ్యూజియాన్ని దోచుకున్నారు. సుమారు 15 వేల వస్తువులు పోయాయి. ఆ తర్వాత ఇటలీ సైనికులు కూడా ఇరాక్‌లో దిగి 2006 దాకా ఉన్నారు. బాగ్దాద్ బిడ్డ రోమ్‌కు మ్యూజియం కడుతుంటే రోమ్ పంపింది సైన్యాన్ని.

రోమ్ సంగతి మనకెందుకంటారా? మీరు పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియంకు తీసుకెళ్తారు. కత్తులూ, చేతిరాత ఖురాన్‌లూ చూపించి, ముస్లిముల సంస్కృతి ఎంత గొప్పదో అంటారు. అద్దాల బీరువాలో ఉన్నంతసేపే మేం గొప్పవాళ్లం. బయటికొచ్చి కిరాయికి ఇల్లు అడిగితే పేరు వినగానే ఖాళీ లేదంటారు. బొమ్మ గీసినా, కవిత్వం రాసినా, అది గజలో ఖవ్వాలీయో అయితేనే మీకు మావాళ్లు. సెక్యులర్ మిత్రులు కూడా ఇందుకు మినహాయింపు కాదు. మతఛాందసుడు నోరు తెరిస్తే మమ్మల్ని సంజాయిషీ అడుగుతారు. జహా హదీద్ దగ్గరికొచ్చేసరికి మతం ఊసే ఎత్తరు.

అట్లాగని ఆమెను నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఖతర్‌లో వలసకూలీల చావుల గురించి 2014లో అడిగితే, అది అక్కడి ప్రభుత్వం చూసుకోవలసిన సంగతి, ఆర్కిటెక్టుగా తన పని కాదంది. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయి పెట్టెల్లో తిరిగొచ్చినవాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. వాళ్ల తరఫున జహా హదీద్‌ను తప్పుపట్టే హక్కు మాకుంది. ఆ హక్కును మీ అనుమతి అడక్కుండానే వాడుకుంటాం.