నజర్ కాదు భాయ్, ఐబ్

కొత్త పికప్ బండి కొన్న మూడో నెలకే షెడ్డులో పడితే మన ఇళ్లల్లో మొదట వినపడే మాట, "కిసీకీ నజర్ లగీ." రెండో మాట, "నసీబ్ మే యహీచ్ థా." బంపర్‌కి నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడతాయి. అమ్మీ ఏదో చదివి ఊదుతుంది. బండి మాత్రం కదలదు. అవతల షోరూమ్‌వాడు హాయిగా చాయ్ తాగుతుంటాడు, ఎందుకంటే తన మీద పడాల్సిన ఇల్జామ్‌ను మనమే ఎత్తి ఆస్మాన్ మీద వేశాం.

నేను సాఫ్‌గా చెప్తున్నా. వారంటీలో ఉన్న బండి మాటిమాటికీ ఆగిపోతుంటే అది ఎక్కువసార్లు మాల్‌లో ఉన్న ఐబ్, లేదంటే అమ్మేటప్పుడు దాచిన ఐబ్. రెండింటికీ జిమ్మేదారి అమ్మినవాడిది. మన ఖామోషీ వల్లే అది మన నెత్తిన పడుతోంది.

మా ఖాలా కొడుకు మలక్‌పేట మార్కెట్లో ఉల్లిగడ్డ ఎత్తుకుని పాతబస్తీ గల్లీల్లో దుకాణాలకు వేస్తాడు. డౌన్ పేమెంట్ కోసం ఇంట్లో గాజులు కుదువ పెట్టి డీజిల్ పికప్ తీశాడు. నాలుగు నెలల్లో ఐదుసార్లు వర్క్‌షాప్‌కి పోయింది. పోయిన ప్రతిసారీ లాప్‌టాప్ తగిలించి, డ్యాష్‌బోర్డు మీద వెలిగిన లైటు ఆర్పి, నీళ్లతో కడిగి, "అంతా ఓకే భాయ్" అని పంపారు. వారం తిరగకముందే లైటు మళ్లీ వెలిగేది. ఐదోసారి సూపర్‌వైజర్ అన్నమాట: "బండిలో ఏం లేదు. మీ నడపడమే ఖరాబ్." ఆ నాలుగు నెలలూ కిస్తీ మాత్రం తారీఖు తప్పలేదు. బండి నడిచిందా, నిలబడిందా అని ఫైనాన్స్‌వాడు అడగడు కదా.

ఇంతకీ ఆ లైటు ఏంది? 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త బండ్లన్నీ బీఎస్6 లెక్కకు సరిపోవాలి. అందుకోసం డీజిల్ బండ్లలో పొగ పోయే దారిలో డీపీఎఫ్ అనే జాలీ పెడతారు. అది మసిని పట్టుకుంటుంది. జాలీ నిండినప్పుడు ఆ మసిని సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేయాలి. అంత వేడి రావాలంటే బండి కొంతసేపు ఆగకుండా ఒక మోస్తరు స్పీడులో పోవాలి. అరకిలోమీటరుకు ఒక దుకాణం, ప్రతి దుకాణం ముందూ ఇంజిన్ బంద్. ఇట్లాంటి రూట్‌లో ఆ వేడి ఎక్కడిది? మసి కాలే పని సగంలో ఆగినప్పుడల్లా కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది. చివరికి ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి తాఖత్ తగ్గించుకుంటుంది. ఎంత తొక్కినా బండి గుంజదు.

అంటే సూపర్‌వైజర్ మాటలో సగం నిజం ఉంది. నా కోపమంతా ఆ మిగతా సగం మీదే. అమ్మేరోజు సేల్స్‌మన్ ఆధార్ అడిగాడు, పాన్ అడిగాడు, ఇంటి కరెంటు బిల్లు అడిగాడు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు అడిగాడు. "ఏ రూట్‌లో తిప్పుతావ్ భాయ్? రోజుకెన్ని కిలోమీటర్లు?" అని మాత్రం అడగలేదు. ఈ జాలీ గొడవ లేని సీఎన్‌జీ బండి అదే షోరూమ్‌లో పక్కనే నిలబడి ఉంది. తెలిసి చెప్పకపోవడాన్ని మన బజార్లో ధోకా అంటారు. షోరూమ్‌కి ఏసీ ఉన్నంత మాత్రాన దాని పేరు మారదు.

అందరి బండికీ ఇదే జబ్బు ఉండదు. ఒకరికి క్లచ్ పోతుంది, ఒకరికి ఇంజెక్టర్, ఇంకొకరికి గేర్‌బాక్స్. జబ్బులు వేరైనా బహానాలు అవే. "ఓవర్‌లోడ్ వేశారు" అన్నది అందులో మొదటిది. నిజంగా ఓవర్‌లోడ్ వేసినవాడు నోరు మూసుకోవాల్సిందే. వేయనివాడు మాత్రం లోడ్ ఎత్తిన ప్రతిసారీ కాంటా చీటీ దాచుకోవాలి. ఆ చీటీ మన గవాహీ.

రెండో బహానా ఇంకా ఖతర్నాక్. "ఇది కమర్షియల్ బండి, నీకు కన్స్యూమర్ కోర్టు వర్తించదు." పెద్దమనిషిలా చెప్తారు, మనవాళ్లు సలాం కొట్టి వచ్చేస్తారు. ఇది సరాసర్ అబద్ధం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం స్వయం ఉపాధితో, కేవలం తన రోజీరోటీ కోసం వస్తువు కొని తానే వాడుకునే మనిషి వినియోగదారుడే. సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో ఆటో, ట్రక్ మిసాల్ తీసుకునే ఈ మాట చెప్పింది. తానే నడుపుకుని బతకడానికి బండి కొన్నవాడు వినియోగదారుడు, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హఖ్ పోదు. బండి కొని పూర్తిగా డ్రైవర్ చేతికి వదిలేసేవాడి సంగతి వేరు.

ఇక్కడే మన ఇళ్ల ఆదత్ ఒకటి దెబ్బ తీస్తుంది. నడిపేది కొడుకు, కాగితాలు మాత్రం అబ్బా పేరు మీదో బడే భాయ్ పేరు మీదో. ఇజ్జత్ కోసం అట్లా రాయిస్తాం. అవతలి వకీల్ సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటుందో కాగితం వాళ్ల పేరు మీదే ఉండాలి.

కోర్టు అనగానే ఖర్చు అని భయపడతాం. ఇచ్చిన ధర 5 లక్షల వరకైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజే లేదు. 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. ఒక బిర్యానీ పార్సిల్ ఖర్చు. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వకీల్ లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి 2 ఏళ్ల లోపు వేయాలి. కోర్టుకన్నా ముందు 1915 హెల్ప్‌లైన్ ఉంది. బ్రేకులు, స్టీరింగ్ లాంటి ప్రాణం మీదికొచ్చే ఐబ్ చాలా బండ్లలో కనిపిస్తే, 2019 మోటారు వాహనాల సవరణ చట్టం కింద కంపెనీతో బండ్లు వాపస్ తీయించే అధికారం సర్కారుకు ఉంది.

ఝూటా ఆశలు పెట్టను. కేసు వేయగానే కొత్త బండి ఇంటి ముందుకు రాదు. ఒక్క పార్టు ఖరాబ్ అయితే ఆ పార్టే మార్చమని చెప్పే తీర్పులు ఎక్కువ. తయారీలోనే లోపం ఉందని నిపుణుడి రిపోర్టుతో చూపించాల్సి వస్తుంది. చట్టం 3 నెలలు, పరీక్ష అవసరమైతే 5 నెలలు అంటుంది గానీ, కేసులు అంతకన్నా సాగుతుంటాయి. అయినా కాగితం పట్టుకుని నిలబడ్డవాడితో షోరూమ్ మాట్లాడే తరీఖా వేరు. అరిచి పోయేవాళ్లను వాళ్లు రోజూ చూస్తారు. తారీఖులు చదివేవాడిని చూస్తే కుర్చీ వేస్తారు.

అందుకే జాబ్ కార్డ్ లేకుండా బండి లోపలికి ఇవ్వొద్దు. అందులో జబ్బు మన మాటల్లో రాయించాలి. "జనరల్ చెకప్" అని వాడు రాస్తే సంతకం పెట్టొద్దు. మీటర్ రీడింగ్, బండి ఇచ్చిన తారీఖు, తీసుకున్న తారీఖు ఉండాలి. డ్యాష్‌బోర్డు లైటు వీడియో తీసుకోవాలి. "సంతృప్తి చెందాను" అన్న కాగితం మీద బండి నడిపి చూడకుండా దస్తఖత్ చేయొద్దు. వారంటీలో ఉండగా గల్లీ మెకానిక్‌తో వైర్లు కోయించి లైట్లు, హారన్లు పెట్టించొద్దు. "ఆ జాలీ పీకేస్తే పీడా పోతుంది" అనేవాడి మాట అసలే వినొద్దు. అది ఖానూన్‌కి ఖిలాఫ్, పైగా కంపెనీకి మనమే రాసిచ్చిన ఫారిఖ్‌ఖత్.

బక్రీదుకు మేక కొనేటప్పుడు మనం ఎట్లా ఉంటామో గుర్తు చేసుకోండి. పళ్లు చూస్తాం, చెవులు చూస్తాం, కుంటుతుందేమోనని నాలుగడుగులు నడిపిస్తాం. పదిమందిని అడుగుతాం. అదే మనం పది లక్షల బండికి పూలదండ వేసి, ఫొటో దిగి, వాడు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి వస్తాం.

ఇంకో బీమారీ ఉంది. సేల్స్‌మన్ మన మొహల్లా పిల్లాడై ఉంటాడు. "వాడి నౌకరీ పోతుంది, ఛోడ్‌దో" అంటారు పెద్దలు. ఆ పిల్లాడితో మనకు ఝగడా లేదు. ఫిర్యాదు కంపెనీ మీద, డీలర్ మీద. వాడి నౌకరీ కోసం మన కొడుకు రోజీ పోగొట్టుకోవాలా?

చివరిగా సబర్ సంగతి. మా ఖాలా కొడుకుతో ఇంట్లో అందరూ "సబర్ కరో బేటా" అన్నారు. చేయనీ. వారం వారం పని మానుకుని వర్క్‌షాప్ మెట్లు ఎక్కడానికి, ఐదు జాబ్ కార్డులు ఒక ఫైల్లో పెట్టడానికి, కమిషన్ ముందు వాయిదా తర్వాత వాయిదా నిలబడటానికి చాలా సబర్ కావాలి. మంచం మీద పడుకుని నసీబ్‌ను తిట్టుకోవడానికి అదేం అవసరం లేదు. మీ ఇంట్లో కొత్త బండి ఆగిపోయి ఉంటే నిమ్మకాయలు విప్పేయండి. ఆ తాడుతో జాబ్ కార్డులన్నీ కట్టండి.