కెమెరా కబుర్లు: రెక్క విప్పితేనే రంగు!

సినిమా కెమెరాకి తాతగారెవరో తెలుసా? ఓ తుపాకి! నిజమేనండీ. 1882లో ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడికి పక్షి ఎలా ఎగురుతుందో చూడాలనిపించింది. తుపాకి ఆకారంలో ఓ కెమెరా తయారుచేశాడు. మీట నొక్కితే గుండు రాదు, సెకనుకి 12 బొమ్మలొస్తాయి. ఆ రోజుల్లోనే ఎగిరే గూడబాతు రెక్కల కదలికని వరసగా పట్టి ఆయన తీసిన ఫొటో ఈనాటికీ ప్రసిద్ధం. లూమియేర్ సోదరులు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి బొమ్మ ఆడించింది ఆ తర్వాత పదమూడేళ్ళకి, 1895లో. అంటే మన అభిమాన తారలు తెర మీద గెంతడానికి దారి చూపింది పక్షులేనన్నమాట!

ఆ గూడబాతు చుట్టాలు మన పక్కనే ఉన్నాయి. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్తే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. నిన్న మొన్నటి దాకా నెల్లూరు జిల్లా. 2022 నుంచి తిరుపతి జిల్లాలో కలిసింది. 1976లోనే దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. సుమారు అక్టోబరు నుంచి మార్చి దాకా చెరువులోని చెట్ల మీద గూడబాతుల కాపురాలే! ఇంకా కిందికి వెళ్తే సూళ్ళూరుపేట. అక్కణ్ణించి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సుని చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో ఆ నీళ్ళలో ఫ్లెమింగోలు, మనవాళ్ళు రాజహంసలంటారే, అవి దిగుతాయి.

సరే, కెమెరా పట్టుకుని బయల్దేరారు. మొదట ఒక సంగతి. సినిమాలో సెకనుకి 24 బొమ్మలు. మామూలుగా ఒక్కో బొమ్మకి షట్టరు తెరిచి ఉండేది సెకనులో 48వ వంతు. అందులోంచి ఒక్క బొమ్మ విడదీసి చూడండి, పక్షి రెక్క పొగలా అలుక్కుపోయి ఉంటుంది. తెర మీద అది మన కంటికి ఆనదు. స్టిల్‌లో మాత్రం దాచడానికి వీల్లేదు. కాబట్టి గూడబాతు, ఫ్లెమింగో లాంటి పెద్ద పక్షులకి షట్టరు 1/1000 నుంచి 1/1600 దాకా పెట్టండి. చిన్న పిట్టలకి 1/2000 దాటాల్సిందే. ఎపర్చరు ఎఫ్ 5.6 - ఎఫ్ 8 మధ్య ఉంచి, ఐ.ఎస్.ఓ. పెరిగితే పెరగనివ్వండి. కాస్త గరుకుగా ఉన్న బొమ్మని భరించొచ్చు, కదిలిపోయిన బొమ్మని కాదు.

వెలుతురు లెక్క కెమెరాకి వదలొద్దు. పక్షి ఆకాశంలో ఉంటే ఒక లెక్క చెబుతుంది, నల్లటి చెట్ల ముందుకొస్తే ఇంకో లెక్క. పక్షి మీద పడే ఎండ మాత్రం అదే! అందుకే మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకుని అలాగే ఉంచండి. తెల్లటి ఈకలు తెల్ల కాగితంలా మాడిపోకుండా చూసుకుంటే చాలు.

ఫోకస్ కదిలే వస్తువుని వెంటాడే పద్ధతిలో ఉండాలి. ఈ మధ్య వచ్చిన కెమెరాలు పక్షి కన్నుని వాటంతటవే వెదికి పట్టుకుంటాయి. అయినా చెయ్యి తిరగాలిగా! పక్షి దూరంగా ఉన్నప్పుడే లెన్సులో పట్టి, నడుం నుంచి ఒళ్ళంతా తిప్పుతూ దాని వేగంతో సాగాలి. మీట నొక్కాక కూడా ఆగకూడదు. సినిమా వాళ్ళు ‘పాన్’ అంటారే, అదే. హీరో గుర్రమెక్కి పోతుంటే ముందు కాస్త చోటు వదుల్తారు చూశారా? పక్షి ముక్కు ముందూ అలాగే వదలండి. సాధనకి పులికాట్ దాకా అక్కర్లేదు. ఊరి మీద తిరిగే గద్దలూ, గోపురం చుట్టూ ఎగిరే పావురాలూ కాల్షీటు అడగవు!

ఇంకో కిటుకు. పెద్ద పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి. ఎండా గాలీ రెండూ మీ వీపు వైపు ఉండేలా నిలబడితే పక్షి మీ వైపు మొహం పెట్టి లేస్తుంది.

ఇప్పుడు అసలు మాట. నిలబడ్డ ఫ్లెమింగో పాలిపోయిన గులాబీ రంగు. రెక్క విప్పిందా, ఎరుపూ నలుపూ భగ్గుమంటాయి! ఆ రంగు కోసమే కొందరు ఓ రాయి విసురుతారు, లేదా హారన్ కొడతారు, చప్పట్లు చరుస్తారు. గుంపంతా లేస్తుంది. ఫొటో వస్తుంది. కానీ ఆ పక్షి సంగతో? తలకిందులుగా ముక్కు ముంచి, నీళ్ళు వడగట్టుకుంటూ గంటల తరబడి మేస్తే గానీ దాని కడుపు నిండదు. లేవాలంటే నీళ్ళ మీద పరుగెత్తాలి. తిన్నది మీ ఫొటోకే ఖర్చయిపోతుంది. నేలపట్టులో అయితే ఇంకా ఘోరం. బెదిరి తల్లి లేచిపోతే గూట్లో పిల్ల ఎండకి మాడుతుంది, గుడ్డు కాకి పాలవుతుంది. ఆ ఊరి రైతులు పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. మనం వెళ్ళి చెడగొట్టడమా?

మరి రంగెలా? ఓపికే! కారుంటే రోడ్డు వారగా ఆపి అందులోంచే తీయండి. మనిషి కనిపిస్తే బెదిరే పక్షులు ఆగిన బండిని అంతగా పట్టించుకోవు. మేత చోటు మారాలనుకున్నప్పుడు అవే లేస్తాయి. తలలన్నీ ఒక్కసారి పైకెత్తి ఒకే వైపు నడవసాగాయా... లేవబోతున్నాయని గుర్తు. మీరు దగ్గరికి నడుస్తుండగా అలా చేస్తే మాత్రం అర్థం వేరు: ‘చాలు, వెనక్కి వెళ్ళు’ అని!

తరిమి లేపిన పక్షి మెడ సాచి పారిపోతూ వెన్ను చూపిస్తుంది. తనంతట తాను లేచింది మీ ముందు నుంచే సాగిపోతుంది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

వచ్చే వారం: సెల్‌ఫోనుతో సంధ్యవేళ నీడబొమ్మలు.