చక్రములమీది కాపురము



యాత్ర యనగానే మనకు కాశీరామేశ్వరములు, పుష్కరములు జ్ఞప్తికి వచ్చును. వానికి బయలుదేరునప్పుడు సైతము పచ్చడి జాడీయు, పొడుల డబ్బాలును మన వెంట రాక మానవు. మనము ఇల్లు విడిచినను ఇంటిపని మనలను విడువదు. ఇక ఇల్లే చక్రములు కట్టుకొని కొండలెక్కినచో నా పని యెవరి పాలు కావలెను? ఈ నెల దానినిగూర్చి ముచ్చటించెదను.

మా పినతల్లి కూతురు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసు నగరమున కాపురమున్నది. వివాహమై తొమ్మిది వత్సరములైనది. గత ఆషాఢమున, చూడవచ్చిన అత్తమామలయొద్ద పిల్లవానిని విడిచి, ఆమెయు మా మరదిగారును తొలిసారిగా తామిద్దరే కొలరాడో రాష్ట్రమునకు పోయి, డెన్వరు నగరమున నొక క్యాంపర్‌వ్యాను అద్దెకు గైకొని, రాకీ మౌంటెన్ జాతీయవనమున నాలుగు రాత్రులు గడపి వచ్చిరి. ఆ విశేషములను చెల్లెలు నాకు దీర్ఘమైన లేఖగా వ్రాసినది.

ఆ వనమునకును అక్కచెల్లెండ్ర లేఖలకును పూర్వసంబంధము కలదు. 1873వ సంవత్సరమున ఇసబెల్లా బర్డ్ అను ఆంగ్లవనిత గుఱ్ఱమెక్కి ఆ ప్రాంతమునకు వచ్చి, 14,259 అడుగుల ఎత్తుగల లాంగ్స్ శిఖరము నధిరోహించినది. తాను చూచిన దెల్ల స్వదేశమందున్న చెల్లెలు హెన్రియెట్టాకు లేఖలుగా వ్రాసినది. అవి 1879లో గ్రంథరూపమున వెలువడినవి. నాటికి ఆ చోటు వనముగా రక్షింపబడలేదు; 1915లో అది జాతీయవనమైనది. 1892లో లండనునందలి రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా గైకొనినది.

క్యాంపర్‌వ్యాననగా లోపల నొక చిన్న గది యమర్చిన మోటారుబండి. చెల్లెలి బండి పొడవు 19 అడుగులు. అందులో రెండు మంటల గ్యాసుపొయ్యి, గిన్నెలు కడుగు తొట్టి, చిన్న ఫ్రిజ్, పగలు బల్లయై రాత్రి పడకయగు పీట యొకటి, మంచినీటి కొకటియు వాడిన నీటి కొకటియు రెండు తొట్లు. నడుమ దారి మూరెడు. ఒకరు పొయ్యియొద్ద నిలిచినచో రెండవవారు పడకమీది కెక్కి కూర్చుండవలసినదే! నీరు నిండుకొనినచో మరల పట్టుకొనుటకు పోవలయును గనుక, దోసెడు నీటితో గిన్నె తోముట ఆమె యచట నేర్చినదట.

బయలుదేరుటకు ముందే దంపతులొక యొప్పందము చేసికొనిరి: బండి నడుపుట ఆయన వంతు, వంట ఈమె వంతు. మొదటి రాత్రి విడిది 8,000 అడుగులకు పైబడిన ఎత్తున. చోటు చాలదని కుక్కరును ఇంట విడిచిరి. గిన్నెలో కందిపప్పు పడవేసి గంటన్నర మరగించినను పలుకుగనే యున్నది. ఇందులకు కారణము మన మెరుగదగినది. సముద్రమట్టమున నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి మరుగును. ఎత్తునకు పోయినకొలది గాలి యొత్తిడి తగ్గుటచే మరుగు వేడిమియు తగ్గును. ఆ విడిదియొద్ద సుమారు 92 డిగ్రీలకే నీరు తెర్లును. మంట హెచ్చించినను నీటి వేడిమి పెరుగదు, గ్యాసు మాత్రము ఖర్చగును. కుక్కరు లోపలి యావిరిని బంధించి యొత్తిడిని పెంచును గనుకనే కొండలపై దాని విలువ హెచ్చు.

ఆకలిగొన్న మరదిగారు, "ఇంకను కాలేదా?" యని యడిగిరి. చెల్లెలికి దుఃఖము పొంగి వచ్చినది. "ఇంట వండుటయే, ఇచటను వండుటయే. కొండలను చూచుటకు మీరు వచ్చితిరి, పొయ్యిని చూచుటకు నేను వచ్చితిని" అని పలికినదట. ఆ మాట కాయన బదులాడలేదు. పప్పు దించి, ఇద్దరును రొట్టెముక్కలు తిని పరుండిరి. మరునాడు తెల్లవారునప్పటికి ఆయన బండి వెనుక తలుపు తెరచి, ఉప్మా కలియబెట్టుచుండెను. ఉప్పు హెచ్చైనది గాని, ఆమె మారుమాటాడక తిన్నది. నాటి సాయంకాలము ముందుగా నానవేసిన పెసరపప్పును ఇద్దరును గూడి వండిరి. అది చక్కగ నుడికినది.

మూడవనాడు ట్రెయిల్ రిడ్జ్ అను మార్గమున పయనమైరి. 1932లో తెరచిన ఈ రహదారి నిడివి 48 మైళ్లు. మిక్కిలి యెత్తైన చోట 12,183 అడుగులు. శీతకాలమంతయు మంచుచే మూసియుండును. దాదాపు 11,400 అడుగులు దాటిన పిమ్మట చెట్లుండవు. నేల నంటుకొనిన చిన్నిచిన్ని పూలమొక్కలు మాత్రమే. వానిని త్రొక్కినచో మరల కోలుకొనుటకు తరములు పట్టునట. అచట పైకా యను ఎలుకంత జంతువు ఎండకాలమున గడ్డిని కోసి, రాళ్లసందున నెండబెట్టి, శీతకాలమునకు దాచుకొనును. మన మాఘమాసపు వడియములే చెల్లెలికి జ్ఞప్తికి వచ్చినవట!

మరికొన్ని మైళ్లు పోయినచో మిల్నర్ కనుమ. అచట పడమటి చినుకు పసిఫిక్ సముద్రమువైపునకు, తూర్పు చినుకు అట్లాంటిక్ వైపునకు పారును. పడమటి సముద్రమునకు చేరువనున్న త్ర్యంబకమున పుట్టియు మన గోదావరి తూర్పునకే తరలి వచ్చినట్లు, ఆ కొండ నెత్తమే నీటి దిక్కును నిర్ణయించును. దానిని చూడవలెననియే మరదిగారీ యాత్ర తలపెట్టిరి. కాని 12,110 అడుగుల ఎత్తుగల రాక్ కట్ అను చోట బండి యాగునప్పటికి ఆయనకు తలనొప్పి, వాంతి. రాత్రియే తల బరువుగ నున్నను చెప్పలేదు. పల్లపు నేలనుండి ఒక్కసారిగ నెత్తునకు పోయినవారికి ప్రాణవాయువు చాలక ఇట్లగును. అట్టి స్థితిలో పైకి పోరాదు. దిగుటయే ముఖ్యమైన మందు. పడమట మబ్బులును కమ్ముకొనుచుండెను. చెట్లులేని ఆ యెత్తున మధ్యాహ్నపు పిడుగు మిక్కిలి భయంకరము.

"కొద్ది దూరమే గదా, చూచి పోదము" అని మరదిగారు బతిమాలిరి. ఆమె తాళపుచెవులను గైకొనినది. ముందుచూపుతో అద్దెపత్రమున రెండవ చోదకురాలిగా తన పేరును గూడ వ్రాయించియుండుట ఆనాడు గట్టెక్కించినది. అయినను అంత పెద్ద బండిని ఆమె యెన్నడును నడిపియుండలేదు. కొన్నియెడల రోడ్డంచున అడ్డుగోడ లేదు, క్రింద లోయ. బ్రేకును అదిమిపట్టి యుంచినచో అది కాగి పట్టు తప్పును గనుక, చిన్న గేరునందే నెమ్మదిగ దించుచు 7,522 అడుగుల ఎత్తుననున్న ఎస్టెస్ పార్కు పట్టణము చేర్చినది. దారిలోనే ఆయన తల తేలిక పడినది. కనుమను చూడకయే వారింటికి వచ్చిరి. మరదిగారికి ఆ కొరత యున్నను, "నన్ను దించి తెచ్చిన దారియే చాలును" అనిరట.

అట్టి యాత్రకు పోవు సోదరీమణులకు నా మనవి: చిన్న కుక్కరును విడువకుడు. ఎత్తునకు పోవుటకు ముందు ఒకటి రెండు దినములు నడుమ నాగుడు. తలనొప్పిని దాచవలదని మీ వారికి చెప్పుడు. ఎలుగుబంట్లకు వాసన సోకకుండ తినుబండారములను మూసియుంచుడు. ఆ వనమున వానికి 120 అడుగుల దూరమున నుండవలెనని నియమము.

మన పురాణములలో నలమహారాజు పాకమునందును రథము తోలుటయందును సమముగ నేర్పరి. కైకాదేవి యుద్ధభూమిలో మూర్ఛిల్లిన దశరథుని తప్పించి బ్రదికించినది. గరిటె స్త్రీకే, పగ్గములు పురుషునికే యని వారనుకొనలేదు. ఇప్పుడు డల్లాసులో ఆదివారపు వంట మరదిగారిది. ఉప్పింకను హెచ్చే యని చెల్లెలు వ్రాసినది. మీ యిండ్లలో ఎవరి పని యెవరికి తెలియునో యొకసారి విచారించి, వీలైనచో నాకు వ్రాయుడు.